జిప్సం నేలల్లో భాస్వరం: రసాయన రూపాలు, కొలతలో ఎదురయ్యే చిక్కులు

భూసార పరీక్ష పత్రంలో లభ్య భాస్వరం ఒకే ఒక్క అంకెగా కనిపిస్తుంది. ఆ అంకె వెనుక రెండు ఊహలు దాగి ఉన్నాయి. ప్రయోగశాలలో వాడిన ద్రావణం తన బలాన్ని మట్టిలోని భాస్వరాన్ని వెలికితీయడానికే వినియోగిస్తుందన్నది మొదటిది. అలా బయటికి వచ్చిన భాస్వరం వడపోత ముగిసే వరకు ద్రావణంలోనే నిలిచి ఉంటుందన్నది రెండవది. ఎర్రనేలల్లోను, నల్లరేగడి నేలల్లోను ఈ రెండు ఊహలూ చాలావరకు చెల్లుతాయి. జిప్సం సమృద్ధిగా గల నేలల్లో రెండూ చెల్లకపోవచ్చు. అప్పుడు భాస్వరం ఉన్న పొలానికి లేదని, లేని పొలానికి ఉందని నివేదిక చెబుతుంది. ఆ నివేదికను నమ్మి ఎరువు కొన్న రైతు ఒక సందర్భంలో డబ్బు, మరొక సందర్భంలో దిగుబడి నష్టపోతాడు. భాస్వరపు ఎరువుల ముడిపదార్థాల కోసం ప్రధానంగా దిగుమతులపై ఆధారపడే దేశానికి ఇది చిన్న విషయం కాదు.

జిప్సం నేలలు, వాటి ఉనికి

జిప్సం అంటే రెండు నీటి అణువులతో కూడిన కాల్షియం సల్ఫేట్. అమెరికా నేలల వర్గీకరణ విధానం ప్రకారం కనీసం 15 సెం.మీ. మందం, కనీసం 5 శాతం జిప్సం ఉండి, ఆ మందాన్ని ఆ శాతంతో హెచ్చవేసినప్పుడు 150 లేదా అంతకు మించి వచ్చే పొరను జిప్సిక్ పొర అంటారు. అంతర్జాతీయ వర్గీకరణలో ఇటువంటి నేలలకు జిప్సిసోల్స్ అని పేరు. ఇవి ప్రపంచంలో సుమారు 10 కోట్ల హెక్టార్లలో విస్తరించి ఉన్నాయి. స్పెయిన్‌లోని ఎబ్రో నదీలోయ, సిరియా, ఇరాక్ దేశాల్లోని యూఫ్రటీస్ పరీవాహక ప్రాంతం, ఇరాన్, ట్యునీషియా, సోమాలియా, నమీబియా వీటికి ప్రసిద్ధి. మన దేశంలో బికనీర్, నాగౌర్, జైసల్మేర్ ప్రాంతాల్లో జిప్సం నిక్షేపాలు ఉన్నాయి. ఈ ప్రాంతాలన్నింటికీ ఉమ్మడి లక్షణం వర్షాభావం. ఎబ్రో మధ్యలోయలోని జరగోజా నగరంలో సాలీనా కురిసేది 350 మి.మీ. లోపే. వర్షం ఇంకాస్త ఎక్కువగా ఉంటే జిప్సం పై పొరల్లో నిలిచేది కాదు.

ఇటువంటి నేలల్లో మొత్తం భాస్వరం తక్కువగా ఉండటానికి ఒక కారణం కేవలం పలుచబడటమే. నేల బరువులో సగం జిప్సమే అయితే, భాస్వరాన్ని పట్టి ఉంచే బంకమన్ను, ఇనుప ఆక్సైడ్లు, సేంద్రియ పదార్థం మిగిలిన సగంలోనే సర్దుకోవాలి. మొత్తం భాస్వరంలో ఫలానా రూపం ఇంత శాతం అని పట్టికల్లో చూపినప్పుడు ఈ సంగతి కనుమరుగవుతుంది. కిలో మట్టికి ఎన్ని మిల్లీగ్రాములో కూడా పక్కనే చూపడం మంచిది. (పూలగుచ్ఛాల్లో తెల్లని చిన్న పూలతో కనిపించే జిప్సోఫిలా మొక్కకు ‘జిప్సాన్ని ప్రేమించేది’ అనే అర్థంలో ఆ పేరు వచ్చింది. ఆ ప్రజాతిలోని కొన్ని జాతులు ఎబ్రో లోయ జిప్సం గుట్టలపై సహజంగా పెరుగుతాయి. పంట మొక్కలకు ఆ సౌలభ్యం లేదు.)

ద్రావణంలో కాల్షియం

సున్నపు నేలలతో పోల్చితే గాని జిప్సం నేలల ప్రత్యేకత బోధపడదు. కాల్షియం కార్బనేట్ నీటిలో అతి స్వల్పంగా కరుగుతుంది. జిప్సం లీటరు నీటిలో సుమారు 2.4 గ్రాములు కరుగుతుంది. అందువల్ల జిప్సం ఉన్నంత కాలం నేల ద్రావణంలో లీటరుకు 15 మిల్లీమోల్స్‌కు అటూ ఇటూగా కాల్షియం ఉంటుంది. పంట తీసుకున్నా, నీటితో పాటు కిందికి దిగిపోయినా ఆ లోటు వెంటనే భర్తీ అవుతుంది. చర్యాశీలత పరంగా చూస్తే ఇది వాతావరణంలోని బొగ్గుపులుసు వాయువుతో సమతాస్థితిలో ఉన్న సున్నపు నేలలోని కాల్షియానికి దాదాపు పదిరెట్లు.

ఇంత కాల్షియం ఉన్నందువల్ల ఉదజని సూచిక కొంత తగ్గుతుంది. సున్నం మాత్రమే ఉన్న నేలలో అది 8.3 సమీపంలో ఉంటే, సున్నం, జిప్సం రెండూ ఉన్న నేలలో 7.8 సమీపంలో ఉంటుంది. ఉదజని సూచిక తగ్గితే భాస్వరం లభ్యత పెరగాలి కదా అన్న ప్రశ్న సహజం. ఆ అరయూనిట్ తగ్గుదల వల్ల కలిగే మేలును పదిరెట్లు పెరిగిన కాల్షియం పూర్తిగా హరించి వేస్తుంది. లిండ్సే 1979లో ప్రచురించిన సమతాస్థితి స్థిరాంకాలతో లెక్కకడితే ఈ విషయం స్పష్టమవుతుంది.

మూడు కాల్షియం ఫాస్ఫేట్లు

నేలలో వేసిన నీటిలో కరిగే భాస్వరం ముందుగా డైకాల్షియం ఫాస్ఫేట్‌గాను, క్రమంగా ఆక్టాకాల్షియం ఫాస్ఫేట్‌గాను, దీర్ఘకాలంలో అపటైట్‌గాను మారుతుంది. ప్రతి మెట్టులోనూ ద్రావణీయత పడిపోతుంది. సున్నపు నేలలో 8.3 ఉదజని సూచిక వద్ద డైకాల్షియం ఫాస్ఫేట్‌తో సమతాస్థితిలో ఉన్న ద్రావణంలో భాస్వరం లీటరుకు సుమారు 20 మి.గ్రా. ఉండగలదు. జిప్సం కూడా ఉన్న నేలలో అది సుమారు 2 మి.గ్రా. ఆక్టాకాల్షియం ఫాస్ఫేట్ విషయంలో సున్నపు నేలలో సుమారు 1.5 మి.గ్రా., జిప్సం నేలలో సుమారు 0.15 మి.గ్రా. అపటైట్ దశకు చేరాక రెండు నేలల్లోనూ మిల్లీగ్రాములో వెయ్యోవంతు కూడా మిగలదు. ఇవి అయాన్ల జంటలను పరిగణించని లెక్కలు. పొలంలోని అంకెలు వేరుగా ఉంటాయి, కాని నిష్పత్తి అదే దిశలో ఉంటుంది.

నేల ద్రావణంలో లీటరుకు 0.2 మి.గ్రా. భాస్వరం ఉంటే చాలా పంటలకు సరిపోతుందని సాధారణంగా పరిగణిస్తారు. దీన్ని పై అంకెల పక్కన ఉంచి చూడాలి. సున్నపు నేలలో భాస్వరం ఆక్టాకాల్షియం రూపానికి మారినా పంటకు ఇంకా కొంత వెసులుబాటు ఉంటుంది. జిప్సం నేలలో అదే మార్పుతో పంట అవసరపు గీతకు కొంచెం దిగువకు జారుతుంది. కాబట్టి జిప్సం నేలలో భాస్వరం రూపం ఏమిటన్నది కేవలం శాస్త్రీయ కుతూహలం కాదు. డైకాల్షియం రూపం ఎన్ని రోజులు నిలుస్తుందన్న దానిపైనే ఆ సీజన్ పంట ఆధారపడి ఉంటుంది.

ఇక్కడ సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ గుళికను ప్రస్తావించాలి. ఆ ఎరువు బరువులో దాదాపు సగం కాల్షియం సల్ఫేటే. గుళిక చుట్టూ తేమ చేరగానే అందులోని మోనోకాల్షియం ఫాస్ఫేట్ కరిగి, ఉదజని సూచిక 1.5 సమీపంలో ఉండే తీవ్ర ఆమ్ల ద్రావణం ఏర్పడుతుంది. గుళిక ఉన్నచోట డైకాల్షియం ఫాస్ఫేట్, కాల్షియం సల్ఫేట్ మిగులుతాయి. అంటే ప్రతి గుళిక చుట్టూ కొన్ని మిల్లీమీటర్ల మేర తాత్కాలికంగా ఒక జిప్సం నేల ఏర్పడుతుందన్న మాట. మామూలు నేలలో అది వానలకు కరిగిపోతుంది. జిప్సం నేలలో చుట్టూ ఉన్నదంతా అదే.

ఇతర రూపాలు

కాల్షియం ఫాస్ఫేట్లే భాస్వరం మొత్తం కాదు. ఇనుప ఆక్సైడ్లు, బంకమన్ను అంచులు, సున్నపు రేణువుల ఉపరితలం భాస్వరాన్ని అధిశోషించుకుంటాయి. జిప్సం స్ఫటికాలు సాధారణంగా పెద్దవి కావడం వల్ల వాటి ఉపరితలం తక్కువ. అందువల్ల అవి స్వయంగా పట్టుకునే భాస్వరం స్వల్పం. జిప్సం చేసే పనంతా ద్రావణంలోకి కాల్షియాన్ని విడుదల చేయడం ద్వారానే జరుగుతుంది. సేంద్రియ భాస్వరం ఈ నేలల్లో తక్కువే, ఎందుకంటే అక్కడ పెరిగే పచ్చదనమే తక్కువ. ఉన్న కొద్దిపాటి సేంద్రియ భాస్వరానికి మాత్రం విలువ ఉంది. అది ఒకేసారి కాక క్రమంగా విడుదలవుతూ ఉంటుంది.

జిప్సం స్ఫటికంలోనే భాస్వరం ఇరుక్కుంటుందా అన్నది ఆసక్తికరమైన ప్రశ్న. రెండు నీటి అణువులు గల డైకాల్షియం ఫాస్ఫేట్‌కు, జిప్సానికి స్ఫటిక నిర్మాణంలో దగ్గరి పోలిక ఉంది. సల్ఫేట్ స్థానంలో హైడ్రోజన్ ఫాస్ఫేట్ అయాను చేరగలదు. ఫాస్ఫారిక్ ఆమ్లం కర్మాగారాల్లో ఉపఉత్పత్తిగా వచ్చే ఫాస్ఫోజిప్సంలో ఎంత కడిగినా పోని భాస్వరంలో కొంత భాగం ఈ విధంగా చేరినదే. ఈ రెండు లవణాలు సమంగా కలిసిన ఖనిజం కూడా ప్రకృతిలో ఉంది. గబ్బిలాల రెట్ట పేరుకున్న రుమేనియా గుహలో దాన్ని తొలిసారి గుర్తించి, ఆ ప్రాంతం పేరుమీదుగా ఆర్డియలైట్ అన్నారు. అయితే సాగు నేలలో సల్ఫేట్ లీటరుకు 15 మిల్లీమోల్స్ ఉండగా, ఫాస్ఫేట్ దానిలో వెయ్యోవంతు కూడా ఉండదు. ఆ పోటీలో జిప్సం స్ఫటికంలోకి చేరగల భాస్వరం చాలా స్వల్పమని భావించడమే సమంజసం. ఫాస్ఫోజిప్సంలో కనిపించిన దాన్ని సహజ జిప్సం నేలలకు యథాతథంగా అన్వయించరాదు.

ద్రావణాలు దారితప్పే విధం

భాస్వరం రూపాలను వేరుచేసే పద్ధతులన్నీ ఒక్కో ద్రావణం ఒక్కో రూపాన్ని కరిగిస్తుందన్న నమ్మికపై నిర్మించినవే. జిప్సం నేలల్లో ఆ నమ్మిక ఎక్కడెక్కడ సడలుతుందో వరుసగా చూడవలసి ఉంది.

మొదట ఓల్సెన్ పద్ధతి. 1954లో రూపొందిన ఈ పద్ధతిలో 2.5 గ్రాముల మట్టిని 0.5 మోలార్ గాఢత, 8.5 ఉదజని సూచిక గల 50 మి.లీ. సోడియం బైకార్బనేట్ ద్రావణంతో అరగంట కుదుపుతారు. కాల్షియం కార్బనేట్‌గా అవక్షేపమై ద్రావణంలో కాల్షియం తగ్గడమే ఈ పద్ధతికి ఆధారం. అప్పుడు కాల్షియం ఫాస్ఫేట్లు కరుగుతాయి. 20 శాతం జిప్సం గల నేలను తీసుకుందాం. 2.5 గ్రాముల మట్టిలో అర గ్రాము జిప్సం, అంటే 2.9 మిల్లీమోల్స్ కాల్షియం ఉంటుంది. అదంతా కరిగి కార్బనేట్‌గా మారితే ద్రావణంలోని 25 మిల్లీమోల్స్ బైకార్బనేట్‌లో సుమారు 5.8 ఖర్చవుతుంది. ఇది నాలుగోవంతుకు కొంచెం తక్కువ. జిప్సం 50 శాతమైతే సగానికి మించి ఖర్చవుతుంది. ద్రావణం ఉదజని సూచిక కూడా 8.5 వద్ద నిలవదు. దీనికి తోడు సీసాలో అప్పటికప్పుడు పుట్టిన కాల్షియం కార్బనేట్ అతి సూక్ష్మ రేణువులుగా ఉంటుంది. ఆ తాజా ఉపరితలం, వెలికి వచ్చిన భాస్వరంలో కొంత భాగాన్ని తిరిగి పట్టుకోగలదు. కాబట్టి ఓల్సెన్ అంకె తక్కువగా వచ్చినప్పుడు నేలలో భాస్వరం లేదని గాని, ఉన్నదని గాని వెంటనే తేల్చరాదు. సాంకేతిక సిబ్బంది ఎంత శ్రద్ధగా పనిచేసినా ఈ దోషం తొలగదు. అది పద్ధతిలోనే ఉంది.

చాంగ్, జాక్సన్ 1957లో ప్రతిపాదించిన క్రమంలో చిక్కు మరొక విధంగా వస్తుంది. ముందుగా గ్రాము మట్టిని 50 మి.లీ. మోలార్ అమ్మోనియం క్లోరైడ్‌తో కడుగుతారు. మామూలు నీరైతే ఆ పరిమాణంలో 0.12 గ్రాముల జిప్సం కరుగుతుంది. ఉప్పు ద్రావణంలో అంతకు రెట్టింపు పైగా కరుగుతుంది. కాబట్టి 20 శాతం జిప్సం గల నేలలో ఈ ఒక్క కడుగుడుతోనే చాలావరకు పోతుంది. 40, 50 శాతం ఉన్న నేలలో మాత్రం గణనీయంగా మిగిలి, తరువాతి దశలోని అమ్మోనియం ఫ్లోరైడ్‌ను ఎదుర్కొంటుంది. అక్కడ కాల్షియం ఫ్లోరైడ్ అవక్షేపిస్తుంది. అల్యూమినియం నుంచి విడుదలైన భాస్వరాన్ని అది తిరిగి బంధిస్తుంది. ఆ భాస్వరం చివరి ఆమ్ల దశలో బయటపడి ‘కాల్షియం భాస్వరం’గా నమోదవుతుంది. సున్నపు నేలల విషయంలో ఈ లోపం చాలా కాలంగా తెలిసినదే. జిప్సం నేలల్లో కాల్షియం మరింత సులభంగా కరిగి రావడం వల్ల దీని తీవ్రత పెరుగుతుంది. జిప్సం నేలలో కాల్షియం భాస్వరం అత్యధికమని చూపే పట్టికను చదివేటప్పుడు, అందులో ఎంత నేలది, ఎంత సీసాలో పుట్టినది అని ప్రశ్నించుకోవాలి. ఆ చివరి దశలో సల్ఫ్యూరిక్ ఆమ్లం వాడితే మరో ఇబ్బంది. కరిగిన కాల్షియం అందులోని సల్ఫేట్‌తో కలిసి మళ్ళీ జిప్సంగా స్ఫటికీకరిస్తుంది. హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో ఈ బెడద లేదు.

1982 నాటి హెడ్లీ పద్ధతి రుణాయాన్లను పట్టే రెజిన్‌తో మొదలవుతుంది. మొక్క వేరును పోలిన సున్నితమైన పద్ధతిగా దానికి పేరు. అయితే జిప్సం నేల నుంచి ఫాస్ఫేట్ కంటే వేల రెట్లు సల్ఫేట్ వస్తుంది. రెజిన్‌లోని స్థానాలను అది ఆక్రమిస్తుంది. రెజిన్ సల్ఫేట్‌ను గ్రహించిన కొద్దీ మరింత జిప్సం కరుగుతూ ఉంటుంది. ఇనుప ఆక్సైడ్ పూత పూసిన కాగితపు పట్టీలు ఈ విషయంలో మెరుగు, ఎందుకంటే తటస్థ పరిస్థితుల్లో ఇనుప ఆక్సైడ్ సల్ఫేట్ కంటే ఫాస్ఫేట్‌ను చాలా గట్టిగా పట్టుకుంటుంది.

జిప్సాన్ని ముందే నీటితో కడిగివేస్తే సరిపోదా అన్న సూచన తరచూ వినిపిస్తుంది. 40 శాతం జిప్సం గల గ్రాము మట్టికి కనీసం 170 మి.లీ. నీరు కావాలి. అంత నీటితో సులభంగా కరిగే భాస్వరం కూడా పోతుంది. అసలు కొలవదలచినది దాన్నే. కడిగిన నీటిలోని భాస్వరాన్ని విడిగా కొలిచి నమోదు చేస్తేనే ఈ పద్ధతికి అర్థం ఉంటుంది. అంతకంటే తేలికైన పరీక్ష ఒకటి ఉంది. ఒక నమూనాకు తెలిసిన మోతాదులో భాస్వరం కలిపి, అదే ద్రావణంతో వెలికితీసి, అందులో ఎంత తిరిగి వచ్చిందో చూడాలి. కుదుపు ముగిశాక ద్రావణం ఉదజని సూచికను కొలవాలి. ఈ రెండు అంకెలు లేకుండా జిప్సం నేలల భాస్వరం పట్టికను అంగీకరించడం కష్టం.

ఎండబెట్టడంలోనూ జాగ్రత్త అవసరం. జిప్సం బరువులో 20.9 శాతం స్ఫటిక జలమే. 105 డిగ్రీల వద్ద ఆరబెట్టినప్పుడు అది పోయి తేమగా లెక్కకు వస్తుంది. 30 శాతం జిప్సం గల నేలలో ఇది 6 శాతం వరకు తప్పుకు దారితీస్తుంది. కిలో మట్టికి ఇన్ని మిల్లీగ్రాములు అని చెప్పే ప్రతి అంకె ఆ మేరకు పెరిగి కనిపిస్తుంది. 40 డిగ్రీల వద్ద, ఎక్కువసేపు ఆరబెట్టడం మేలు.

నీటిపారుదలతో మారే రూపాలు

జిప్సం నేలలో భాస్వరం రూపాలు ఒకసారి కొలిచి స్థిరపరచుకోదగినవి కావు. 100 మి.మీ. మంచినీరు నేలలోనుంచి కిందికి దిగితే హెక్టారుకు సుమారు 2.4 టన్నుల జిప్సాన్ని తీసుకుపోగలదు. పై 15 సెం.మీ. పొర బరువు హెక్టారుకు సుమారు 2,240 టన్నులనుకుంటే, 10 శాతం జిప్సం గల నేలలో ఆ పొరలో 224 టన్నుల జిప్సం ఉంటుంది. ఏడాదికి 500 మి.మీ. నీరు దిగిపోతే అది 19 ఏళ్ళలో ఖాళీ అవుతుంది. యూఫ్రటీస్ పరీవాహకంలో జిప్సం కరిగి కాలువల అడుగు కుంగిన ఉదంతాలు నీటిపారుదల ఇంజనీర్లకు సుపరిచితాలు. వారికి అది నిర్మాణ సమస్య. వ్యవసాయ రసాయన శాస్త్రానికి అది మరో రకం మార్పు. జిప్సం పోయిన పై పొరలో కాల్షియాన్ని నియంత్రించేది ఇక సున్నం మాత్రమే. ఉదజని సూచిక పెరుగుతుంది, కాల్షియం తగ్గుతుంది, పాత ఆక్టాకాల్షియం ఫాస్ఫేట్ మునుపటి కంటే ఎక్కువ భాస్వరాన్ని ద్రావణంలోకి వదలగలదు. అంటే 20 ఏళ్ళ క్రితం నిర్ణయించిన ఎరువు మోతాదు నేడు అదే పొలానికి సరిపోకపోవచ్చు.

జిప్సం మిగిలి ఉన్నంతకాలం భాస్వరాన్ని నేలలో నిల్వ చేసుకోవాలన్న ఆలోచన లాభసాటి కాదు. ఎరువును వెదజల్లి కలియదున్నడం కంటే విత్తనానికి సమీపంలో చాళ్ళలో వేయడం, డైకాల్షియం రూపం నిలిచే కాలంలోనే వేళ్ళు దాన్ని అందుకునేటట్లు చూడడం మంచిది. అమ్మోనియం రూపంలో నత్రజనిని తోడుగా వేస్తే వేరు చుట్టూ ఆమ్లత పెరిగి కొంత మేలు జరుగుతుంది. బిందుసేద్యంలో మాత్రం జాగ్రత్త వహించాలి. జిప్సంతో సంతృప్తమైన బావి నీటిలో ఫాస్ఫేట్ ఎరువు కలిపితే కాల్షియం ఫాస్ఫేట్ గొట్టాల్లోనే అవక్షేపించి డ్రిప్పర్లు మూసుకుపోతాయి.

చౌడు నేలలు, వేరుశనగ పొలాలు

తెలుగు రాష్ట్రాల రైతుకు సహజ జిప్సం నేలలు అంతగా ఎదురుకావు. జిప్సం మాత్రం సంచుల్లో పొలానికి చేరుతుంది. క్షార చౌడు నేలల్లో సోడియం కార్బనేట్ కారణంగా భాస్వరం సోడియం ఫాస్ఫేట్‌గా ద్రావణంలో ఉంటుంది. అందువల్ల ఆ నేలల్లో ఓల్సెన్ అంకె ఎక్కువగా ఉంటుంది. సింధు గంగా మైదానంలోని క్షార నేలలపై కర్నాల్‌లోని కేంద్రీయ లవణ నేలల పరిశోధన సంస్థ చేసిన అధ్యయనాల్లో, జిప్సంతో బాగుచేసిన తొలి సంవత్సరాల్లో వరి, గోధుమ పంటలు భాస్వరపు ఎరువుకు స్పందించలేదు. జిప్సం కాల్షియం సోడియాన్ని తొలగించి, నీటితో కిందికి కొట్టుకుపోయాక, ఓల్సెన్ భాస్వరం క్రమంగా తగ్గి పంటలు ఎరువుకు స్పందించసాగాయి. చౌడు బాగుచేసిన పొలానికి మొదటి ఏడాది పరీక్షా ఫలితాన్నే ఏళ్ళ తరబడి ఆధారంగా తీసుకోరాదనడానికి ఇది చాలు. అక్కడ భాస్వరాన్ని ఏడాదికోసారి పరీక్షించడం అవసరం.

వేరుశనగ విషయం వేరు. ఊడలు దిగే దశలో హెక్టారుకు 500 కిలోల జిప్సం వేయడం అనంతపురం జిల్లాలోను, ఇతర వేరుశనగ ప్రాంతాల్లోను అలవాటైన సిఫారసు. ఈ జిప్సం భాస్వరాన్ని బిగదీస్తుందన్న సందేహం రైతులు అడుగుతూ ఉంటారు. హెక్టారు పై పొరలో కలిస్తే 500 కిలోలు 0.02 శాతం మాత్రమే. చదరపు మీటరుకు 50 గ్రాములు. దాన్ని కరిగించడానికి 21 మి.మీ. నీరు చాలు. కాయ ఊరే చోట కాల్షియం అందించడం దాని పని. భాస్వరంపై దాని ప్రభావం ఆ కొద్దిపాటి జిప్సం కరిగి, మంచి వాన ఒకటి రెండు పడి కిందికి దిగే వరకే. అదే పొలంలో విత్తే ముందు సూపర్ ఫాస్ఫేట్ వేసి ఉంటే, దాని భాస్వరం డైకాల్షియం రూపంలో ఉన్నప్పుడే వేళ్ళు అప్పటికే కొంత తీసుకుని ఉంటాయి.